పాదరసం ఊరు ఇద్రియ: చరిత్ర, చూడాల్సినవి, అక్కడి జనం

మీరు అడిగింది ఇది: జూన్‌లో ఆఫీసు పని మీద స్లొవేనియా వస్తున్నారు, మీ ఆవిడ, ఎనిమిదేళ్ల పాప కూడా వస్తున్నారు. లుబ్లియానాలో మకాం. బ్లెడ్ సరస్సు ఎలాగూ చూస్తారు. దానితో పాటు చరిత్ర ఉన్న ఒక చిన్న ఊరు, జనం మామూలుగా బతుకుతున్న ఊరు చూడాలని ఉంది. ఎవరో ఇద్రియ పేరు చెప్పారు. పాదరసం గని ఊరు అనగానే పాప విషయంలో టెన్షన్ మొదలైంది. ఇంట్లో మాంసం తినరు కాబట్టి తిండి సంగతి కూడా తెలియాలి.

నేను చాలా ఏళ్లుగా లుబ్లియానాలోనే ఉంటున్నాను. ఇండియా నుంచి ఎవరు వచ్చినా ఇద్రియకు తీసుకెళ్తాను. తప్పకుండా వెళ్లండి. కాకపోతే కోట చూశాం, గని చూశాం, లేసు చూశాం అని విడివిడిగా టిక్కులు పెట్టుకుంటూ పోతే సగం ఊరు మీకు కనపడకుండానే వెనక్కి వచ్చేస్తారు. అక్కడి కోట, లేసు, నాటకశాల, అడవిలో కట్టిన ఆనకట్టలు, చివరికి పళ్లెంలోకి వచ్చే వంట కూడా ఆ ఒక్క గని చుట్టూ పుట్టినవే. అందుకే ముందు గని కథ చెప్తాను, తర్వాత ఎక్కడికి ఎలా వెళ్లాలో చెప్తాను.

ఇద్రియ లుబ్లియానాకు పడమర దిక్కున, దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చుట్టూ నిటారుగా కొండలు, మధ్యలో ఇరుకైన లోయ, అందులో ఇద్రియ్‌త్సా అనే నది. ఆ నది కిందికి పోయి సోచా నదిలో కలుస్తుంది. ఊరి జనాభా ఆరు వేలకు కాస్త అటూ ఇటూ. వ్యవసాయానికి పనికొచ్చే నేల దాదాపు లేదు, రైలు లేదు, పెద్ద వ్యాపార మార్గమూ దీని మీదుగా పోదు. మామూలుగా అయితే ఇక్కడ ఊరే ఉండకూడదు. నేల కింద పాదరసం ఉంది కాబట్టి ఊరు పుట్టింది.

ఊళ్లో చెప్పుకునే కథ ఇలా ఉంటుంది. 1490లో చెక్క తొట్లు చేసే ఒకాయన, కొత్తగా చేసిన తొట్టిని నానబెట్టడానికి వాగులో ఉంచాడు. తీయబోతే బరువుగా ఉంది. అడుగున ఏదో మెరుస్తూ కదులుతోంది. అదేమిటో తెలియక కంసాలికి చూపిస్తే పాదరసమని తేలింది. ఆ చోటనే హోలీ ట్రినిటీ చర్చి కట్టారని అంటారు. చిన్న చర్చి, ఇప్పటికీ ఉంది. మొదట్లో తవ్విన వాళ్లకు పెద్దగా ఏమీ దొరకలేదు. 1508 జూన్ 22న, క్యాలెండర్‌లో సెయింట్ అహాత్స్ పేరున్న రోజున, చిక్కటి ఇంగిలీకం పొర తగిలింది. ఊరి భవిష్యత్తు ఆ రోజుతో మారిపోయింది. ఇప్పటికీ జూన్ 22 ఇద్రియ మున్సిపాలిటీ పండుగ రోజు. మీరు వచ్చేది జూన్‌లోనే కాబట్టి తేదీ కలుస్తుందేమో చూసుకోండి.

ఇంగిలీకం అంటే గంధకం, పాదరసం కలిసిన ఎర్రటి రాయి. దాన్ని బాగా కాలిస్తే పాదరసం ఆవిరై పైకి లేస్తుంది, ఆ ఆవిరిని చల్లబరిస్తే చుక్కలుగా దిగుతుంది. పద్ధతి వినడానికి ఇంత తేలిక. మొదట్లో అడవిలోనే మట్టి కుండల్లో రాయి పోసి, చుట్టూ కట్టెలు పేర్చి కాల్చేవారు. చుట్టుపక్కల కొండల మీద ఆ పాత బట్టీల జాగాల్లో పగిలిన కుండ పెంకులు ఇప్పటికీ దొరుకుతాయి, అక్కడి మట్టిలో పాదరసం ఇంకా ఉంది. ఇద్రియలో ఇంకో ప్రత్యేకత, కొన్ని చోట్ల కాల్చే పని కూడా లేకుండా నల్లటి పలకరాయి పగుళ్లలోనే పాదరసం చుక్కలుగా ఉంటుంది. నల్ల రాతి మీద వెండి పూసలు అతికించినట్టు కనిపిస్తుంది, వేలు తగిలిస్తే చాలు జారిపోయేలా.

ఇంత దూరాన, ఇంత లోయలో దొరికిన పాదరసం ఎవరికి కావాల్సి వచ్చింది? 16వ శతాబ్దం మధ్యలో మెక్సికోలో ముడి ఖనిజం నుంచి వెండిని పాదరసంతో తీసే పద్ధతి మొదలైంది. అమెరికా ఖండపు వెండి గనులకు పాదరసం లేనిదే పని జరగదు. స్పెయిన్‌లోని అల్మాదెన్ ప్రపంచంలోనే పెద్ద పాదరసం గని, రెండోది ఇద్రియ. వెనిస్ అద్దాల వాళ్లు, మందులు చేసేవాళ్లు, రంగులు చేసేవాళ్లు అందరూ కొనుక్కునేవారే. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజులు 16వ శతాబ్దంలోనే గనిని తమ చేతుల్లోకి తీసుకున్నారు, వాళ్ల ఖజానాకు ఇది మంచి ఆదాయం. సుమారు అయిదు వందల ఏళ్లలో ఇక్కడ లక్ష టన్నులకు పైగా పాదరసం తీశారు. ప్రపంచంలో మొత్తం తీసినదాంట్లో ఇది దాదాపు 13 శాతం. ఊరి కింద సొరంగాల పొడవు మొత్తం 700 కిలోమీటర్లు, 15 అంతస్తులు, అట్టడుగు అంతస్తు సముద్రమట్టం కంటే కిందికి పోయింది. 2012లో అల్మాదెన్, ఇద్రియ రెండింటినీ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ అంకెల కింద మనుషులు నలిగిపోయారు. పాదరసం ఆవిరి పీల్చిన వాళ్లకు చేతులు వణికేవి, నోట్లో పుండ్లు పడేవి, లాలాజలం ఆగేది కాదు, పళ్లు ఊడిపోయేవి, మనిషి స్వభావమే మారిపోయేది. 1665లోనే ఇక్కడి గనివాళ్లకు రోజుకు ఆరు గంటలకు మించి పని ఉండకూడదని కట్టడి చేశారు. కార్మికుల ఆరోగ్యం కోసం పెట్టిన తొలి నిబంధనల్లో ఒకటిగా దీన్ని వైద్య చరిత్ర పుస్తకాలు చెబుతాయి. దాదాపు శతాబ్దం తర్వాత, 1754లో, జొవాన్నీ అంటోనియో స్కోపొలి అనే యువ డాక్టరు గని వైద్యుడిగా వచ్చాడు. 1769 దాకా ఉన్నాడు. 1761లో ఇద్రియ పాదరసం మీద లాటిన్‌లో పుస్తకం రాసి, అందులో గనివాళ్ల జబ్బులను వివరంగా నమోదు చేశాడు. మిగిలిన టైములో కొండలెక్కి మొక్కలు, పురుగులు సేకరించాడు. మొక్కలకు, జంతువులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్‌తో ఉత్తరాలు నడిపాడు. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనక అంటించుకునే ప్యాచ్‌లో స్కోపొలమిన్ అనే మందు ఉంటుంది, చూశారా? ఆ పేరు ఆయనదే. స్కోపోలియా అనే మొక్కకు ఆయన పేరు పెట్టారు, ఆ మొక్క పేరు మందుకు వచ్చింది. ఆ మొక్క ఇద్రియ అడవుల్లో వసంతంలో పూస్తుంది.

ఇక మీ రోజును ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. పొద్దున్నే నేరుగా ఆంటోనీ సొరంగానికి వెళ్లండి. 1500లో తవ్వడం మొదలుపెట్టిన దారి, ప్రపంచంలో ఇంకా నిలిచి ఉన్న పాత గని ప్రవేశాల్లో ఒకటి. 1994 నుంచి సందర్శకులను పంపిస్తున్నారు. సొరంగం నోరు ఒక ఇంటి లోపల ఉంటుంది, ఆ ఇంటిని షెల్ష్టెవ్ అంటారు. గనివాళ్లు షిఫ్టుకు ముందు అక్కడ చేరేవారు. పేర్లు పిలిచి, పని పంచి లోపలికి పంపేవారు. మిమ్మల్నీ ముందు అక్కడే కూర్చోబెట్టి గని చరిత్ర ఫిల్మ్ చూపిస్తారు. తర్వాత గనివాళ్ల కోటు, హెల్మెట్ ఇస్తారు. లోపల ఏడాది పొడుగునా చలిగానే ఉంటుంది, జూన్‌లో కూడా పాపకు కోటు లోపల ఫుల్ చేతుల స్వెటర్ వేయండి. మెట్లు ఎక్కుతూ దిగుతూ గంటకు పైగా పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎవరైనా మీతో వస్తే ముందే ఆలోచించుకోండి.

లోపల మొదట్లోనే గైడ్ "స్రెచ్నో" అంటారు. గనిలోకి దిగేటప్పుడు ఒకరికొకరు క్షేమం కోరుకుంటూ అనుకునే మాట. ఊళ్లో ఇప్పటికీ గుడ్‌బై బదులు ఇదే వినిపిస్తుంది, మీరూ వెళ్లేటప్పుడు అంటే సంతోషిస్తారు. సొరంగంలో ఒక చోట చిన్న ప్రార్థన గది ఉంది, గనివాళ్ల రక్షకురాలు సెయింట్ బార్బరా, ఆ ఇంగిలీకం దొరికిన రోజు సెయింట్ అహాత్స్, ఇద్దరి బొమ్మలూ ఉంటాయి. పిల్లలకు బాగా నచ్చేది పెర్క్‌మాండెల్త్స్. గనిలో ఉండే పొట్టి మనిషి. చీకట్లో చప్పుళ్లు చేస్తూ, పనిముట్లు దాచేస్తూ గనివాళ్లను ఆటపట్టించేవాడని చెప్పుకునేవారు. మీ పాప ఆ రోజంతా వాడి గురించే అడుగుతుంది.

క్షేమం సంగతి. సందర్శకులు నడిచేది గని పై భాగంలో, పాత దారుల్లో. గాలి ఆడేలా ఏర్పాటు ఉంది, రోజూ బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చి తిప్పుతారు. గని మూసేశాక కింది అంతస్తులు నీటితో నిండాయి, పై అంతస్తుల్లో బోలుగా ఉన్న చోట్లను కాంక్రీటుతో నింపుతూ వచ్చారు. ఊరు సరిగ్గా గని మీదే ఉంది కాబట్టి నేల కుంగకుండా చూడటం వాళ్లకు ప్రాణావసరం. పాదరసం వారసత్వ కేంద్రం అని ఒక సంస్థ ఉంది, టూరిజం వాళ్లదే అయినా నేల, నీళ్లు, గాలి కొలుస్తూ ఉండే పని కూడా వాళ్లదే. ఒక పూట గనిలో నడిచినందుకు పాపకు ఏమీ కాదు. రాళ్లు ఏరి జేబులో వేసుకోకుండా చూడండి, బయటికొచ్చాక చేతులు కడిగించండి, అంతే. ఈ ప్రాంతంలో పాదరసం అసలు లేదని మాత్రం చెప్పను. అయిదు వందల ఏళ్ల పొగ, బట్టీ బూడిద ఎక్కడికీ పోలేదు. నది బురదలో కలిసి, సోచా మీదుగా ఇటలీలోని ట్రియెస్టే దగ్గరి సముద్రం దాకా చేరింది. శాస్త్రవేత్తలు ఇప్పటికీ కొలుస్తున్నారు, ఊరి కింది వైపు నది చేపల్లో పాదరసం పాళ్లు మామూలు కంటే ఎక్కువగానే ఉంటున్నాయి. మీరు మాంసాహారం ముట్టరు కాబట్టి ఆ ప్రశ్నే లేదు.

గని నుంచి బయటికొచ్చాక కొండ మీది కోటకు నడవండి. గెవెర్కెనెగ్ కోట, 1522 నుంచి 1533 మధ్య కట్టారు. కోట అనగానే రాజులు, యుద్ధాలు ఊహించుకోకండి. ఇది గని ఆఫీసు, గోదాము. మూలల్లో బురుజులు, లోపలి వరండాల గోడల నిండా రంగుల చిత్రాలు. తీసిన పాదరసం ఇక్కడ దాచేవారు, ఇక్కడి నుంచే పంపేవారు. మొదట తోలు సంచుల్లో కట్టి చెక్క పీపాల్లో పెట్టేవారు, తర్వాత ఇనుప సీసాలు వచ్చాయి. ఒక్కో సీసాలో 34.5 కిలోలు, చూడటానికి మాత్రం చిన్నగా ఉంటుంది. పాదరసం నీటి కంటే 13.6 రెట్లు బరువు మరి, ఇనుప గుండు వేసినా తేలుతుంది. ఇప్పుడు కోటలో మున్సిపల్ మ్యూజియం ఉంది. 1997లో యూరప్‌లో ఉత్తమ సాంకేతిక మ్యూజియానికిచ్చే మికెలెట్టి బహుమతి దీనికి వచ్చింది. అదే కోటలో మ్యూజిక్ స్కూలు కూడా నడుస్తుంది. ఖనిజాలు చూస్తుంటే పక్క గదిలోంచి పిల్లలు క్లారినెట్ ప్రాక్టీసు చేసే శబ్దం వస్తుంది. ఈ ఊరి గనివాళ్ల బ్యాండు తమ చరిత్రను 1665 నుంచి లెక్కేసుకుంటుంది. ఇప్పటికీ నల్లటి గని యూనిఫారాల్లో పండుగలకు వాయిస్తారు.

కింద ప్రధాన కూడలి దగ్గర పాత ధాన్యం గోదాము, దాని ఎదురుగా నాటకశాల ఉన్నాయి. రెండూ 18వ శతాబ్దానివి, గని కట్టించినవే. పొలం లేని లోయలో జనానికి తిండి ఎక్కడిది? గనియే ధాన్యం తెప్పించి పనివాళ్లకు ఇచ్చేది. ఆ నాటకశాల స్లొవేనియాలో రాతి, ఇటుక గోడలతో కట్టిన నాటకశాలల్లో అన్నిటికంటే పాతది. 18వ శతాబ్దం చివరికి ఈ ప్రాంతంలో లుబ్లియానా తర్వాత పెద్ద ఊరు ఇదే. వాలుల మీద నిలబడిన గనివాళ్ల ఇళ్లను కూడా గమనించండి. పొడుగ్గా, ఇరుగ్గా, తెల్ల సున్నం గోడలు, ఎన్నో చిన్న చిన్న కిటికీలు, నిటారు చెక్క పెంకుల కప్పు. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు కుటుంబాలు ఉండేవి. చదును నేల లేదు కాబట్టి ఇల్లు పైకి పెరిగింది.

ఆ ఇళ్లలోనే లేసు పెరిగింది. నాకు ఇద్రియలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, కాస్త ఎక్కువ రాస్తాను. గని జీతం ఇంటిల్లిపాదికీ చాలేది కాదు. భర్త జబ్బుపడితే అదీ లేదు. ఆడవాళ్లు కిటికీ పక్కన కూర్చుని లేసు అల్లి అమ్మేవారు. ఇద్రియ లేసు ప్రస్తావన రాతలో మొదట కనిపించేది 1696లో. మన నర్సాపురం లేసు ఒక్క కొక్కెం సూదితో ముడులు వేస్తూ అల్లేది. ఇది వేరు. గుండ్రటి దిండు మీద గీసిన నమూనా కాగితం పరిచి గుండుసూదులు గుచ్చుతారు. దారం చుట్టిన చెక్క బాబిన్లు జతలు జతలుగా దిండు మీంచి వేలాడతాయి. వాటిని చేతుల్లో అటూ ఇటూ దాటిస్తూ, మెలిపెడుతూ పోతే దారాలు ఒకదానిమీదొకటి అల్లుకుని సన్నటి పట్టీ తయారవుతుంది, ఆ పట్టీ మెలికలు తిరుగుతూ పువ్వో ఆకో అవుతుంది.

1876లో ఇక్కడ లేసు బడి పెట్టారు. మొదటి టీచరు ఇవాంకా ఫెర్యాన్‌చిచ్ అనే ఇద్రియ ఆవిడే. ఆస్ట్రియా రాజ్యం పోయింది, ఇటలీ వచ్చింది, యుగొస్లావియా వచ్చింది, స్లొవేనియా వచ్చింది, బడి మాత్రం నడుస్తూనే ఉంది. మామూలు స్కూలు అయ్యాక పిల్లలు ఇక్కడికి వస్తారు, మగపిల్లలు కూడా. బడిలో ప్రదర్శన గది ఉంటుంది. పిల్లలు పని చేస్తుండగా చూసే అవకాశం దొరికితే వదలకండి. తొమ్మిదేళ్ల పిల్ల ఒకత్తి పక్క పిల్లతో కబుర్లు చెబుతూనే, దిండు వైపు చూడకుండా, రెండు చేతుల్లో నాలుగు బాబిన్లను దాటించి, మెలిపెట్టి, సూది పీకి ముందు రంధ్రంలో గుచ్చడం చూశాను. చెక్కలు ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. గదిలో పదిమంది పిల్లలుంటే ఆ చప్పుడు గది నిండా ఉంటుంది. 2018లో స్లొవేనియా బాబిన్ లేసు కళను యునెస్కో తన సజీవ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఊళ్లో ఏటా లేసు పండుగ జరుగుతుంది, 1980లలో మొదలైంది. ఈ మధ్య కాలంలో జూన్‌లోనే చేస్తున్నారు, మీ తేదీలతో సరిపోతుందేమో ఊరి టూరిజం ఆఫీసు పేజీలో చూడండి. కూడలిలో వరసగా దిండ్లు పెట్టుకుని చిన్నపిల్లల నుంచి ముసలమ్మల దాకా పోటీలో కూర్చుంటారు, ఒకే నమూనా, ఒకే టైము. కొనాలనుకుంటే ఒక మాట. అసలైన ఇద్రియ లేసుకు భౌగోళిక గుర్తింపు ఉంది, సర్టిఫికెట్ కాగితం ఇస్తారు. చిన్న పువ్వు ముక్కకు కూడా ధర మీకు ఎక్కువ అనిపిస్తుంది. అది ఎన్ని గంటల పనో కళ్లారా చూశాక కొనండి, బేరం మాత్రం ఆడకండి.

భోజనానికి వస్తే, ఊరి వంటకం జ్లిక్రొఫీ. పల్చటి మైదా పిండి రేకులో గోళీ అంత ముద్ద పెట్టి, మడిచి, రెండు చివర్లు నొక్కి, మధ్యలో వేలితో గుంట చేస్తారు, చిన్న టోపీలా కనిపిస్తుంది. 2010లో యూరోపియన్ యూనియన్ సంప్రదాయ వంటకంగా దీని తయారీకి రక్షణ ఇచ్చింది, స్లొవేనియా వంటకాల్లో ఆ గుర్తింపు వచ్చిన మొదటిది ఇదే. ఆగస్టు చివర దీని కోసం పండుగే చేస్తారు. మీ ఇంటికి ఇబ్బంది ఏమిటంటే లోపల ఉండేది ఆలుగడ్డ, ఉల్లి, సన్నగా తరిగిన ఉల్లాకు, మరువం వంటి ఆకులే అయినా, అసలు పద్ధతిలో పంది కొవ్వు కూడా కలుపుతారు. పైన పోసే బాకాల్త్సా గొర్రె మాంసం పులుసు. "పులుసు వద్దు, వెన్న పోయండి" అంటే సరిపోదు, లోపలి ముద్దలో కొవ్వు ఉందా అని విడిగా అడగండి. కొన్ని చోట్ల శాకాహార రకం చేస్తారు. లేకపోతే జున్ను పెట్టి చుట్టిన ష్ట్రుక్లీ అడగండి, పుట్టగొడుగుల సూప్ దొరుకుతుంది, అందులో మాంసం రసం వాడారో లేదో కనుక్కోండి. పాప కోసం పెరుగన్నం డబ్బా పట్టుకెళ్లినా తప్పులేదు, నదీ తీరాన బెంచీలున్నాయి.

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఊరి పైవైపు నడవండి. మొదట కామ్ష్ట్ వస్తుంది. ఎత్తైన రాతి ఇల్లు, లోపలికి తొంగి చూస్తే ఇల్లంతా ఒకే చక్రం. చెక్కతో చేసిన నీటి చక్రం, 13.6 మీటర్ల వ్యాసం. యూరప్‌లో ఇంకా మిగిలిన చెక్క నీటి చక్రాల్లో ఇంత పెద్దది ఇంకోటి లేదంటారు. 1790లో పెట్టారు, 1948 దాకా తిరుగుతూనే ఉంది. గని లోతుల్లోంచి ఊరే నీటిని ఇదే తోడేది. పక్కన నిలబడితే మెడ వెనక్కి వంచినా పై అంచు సరిగ్గా కనిపించదు. దీన్ని తిప్పే నీళ్లు వచ్చిన కాలువ పేరు రాకె, మూడున్నర కిలోమీటర్లు. ఆ కాలువ గట్టు మీదే నడకదారి. ఎత్తుపల్లాలు లేవు, నీడ ఉంటుంది, ఒక పక్క కాలువ, కింద నది. పాపకు ఇబ్బంది ఉండదు.

ఆ దారి చివరి భాగంలో నది దాటితే దివ్యె యెజెరో వస్తుంది, నిటారు రాతి గోడల మధ్య చిన్న నీలం-పచ్చ మడుగు. చూడటానికి కొలనులా ఉన్నా నిజానికి భూగర్భ నది పైకి పొంగే నోరు. గజ ఈతగాళ్లు శ్వాస సిలిండర్లతో 150 మీటర్ల లోతు దాటి దిగారు, అడుగు తగల్లేదు. గుహల్లో బతికే కళ్లులేని తెల్లటి ప్రోటియస్ అనే జీవి ఇందులో ఉంటుంది. వానలు పడ్డ మర్నాడు వెళ్తే నిశ్చలంగా ఉండే ఈ మడుగు ఉధృతంగా పొంగుతుంది. ఇందులోంచి బయలుదేరే యెజెర్నిత్సా 55 మీటర్లు పారి నదిలో కలిసిపోతుంది, స్లొవేనియాలో అతి చిన్న నది ఇదే. ఇందులో ఈత నిషేధం. ఈత కొట్టాలంటే ఇంకా పైకి ఇద్రియ్‌స్కా బేలాలో లాయ్ష్ట్ అనే చోటుకు వెళ్లండి. గనికీ ఊరికీ ఎగువన, రెండు వాగులు కలిసే చోటు, వేసవిలో ఊరంతా అక్కడే ఉంటుంది. నీళ్లు మాత్రం జూన్‌లో కూడా వణికిస్తాయి.

కారు ఉంటే క్లావ్‌జె అనే పాత ఆనకట్టలు కూడా చూడండి. గనిలో పైకప్పు కూలకుండా ఆపడానికి దుంగలు కావాలి, బట్టీలకు కట్టెలు కావాలి. అడవి నుంచి ఊరికి మోసుకురావడానికి రోడ్లు లేవు. యోజెఫ్ మ్రాక్ అనే ఇంజినీరు 1770 ప్రాంతంలో పై వాగుల మీద భారీ రాతి ఆనకట్టలు కట్టించాడు. నీళ్లు నిండే దాకా ఆగి, ఆనకట్ట కింద దుంగలు పడేసి, ఒక్కసారిగా తలుపులు తెరిచేవారు. వరద కెరటం దుంగలన్నిటినీ మోసుకొచ్చి ఊరి దగ్గర అడ్డంగా కట్టిన కొయ్య కంచెకు తాకించేది. రోడ్డు సన్నగా, మలుపులతో ఉంటుంది. పాప కార్లో వాంతులు చేసుకునే రకమైతే వద్దు.

పాదరసం కాల్చిన బట్టీల దగ్గర కూడా కొత్త మ్యూజియం ఉంది. రాయి దగ్గర మొదలుపెట్టి చుక్క దాకా మొత్తం చూపిస్తారు. మీకు యంత్రాలంటే ఆసక్తి ఉంటే గంట ఇవ్వండి, లేకపోతే వదిలేయండి.

ఈ ఊరి జనం గురించి రెండు మాటలు. నేను ఇల్లందు వైపు వాడిని. బొగ్గు గనులున్న ఊళ్లో పెరిగినవాణ్ని కాబట్టి గని మూతపడితే ఊరి గతేమిటి అనే భయం చిన్నప్పటి నుంచి తెలుసు. ఇద్రియలో 1970లలో పాదరసం ధర పడిపోయింది. పాదరసం విషమని ప్రపంచమంతా తెలిసి వాడకం తగ్గించిన రోజులవి. 1977లో గని ఆపారు, 1983లో మళ్లీ కొద్దిగా నడిపారు, 1995లో పూర్తిగా ఆగింది. అప్పటికే ఊళ్లో వేరే పనులు పుట్టి ఉన్నాయి. 1963లో మొదలైన కొలెక్టర్ కంపెనీ ఎలక్ట్రిక్ మోటార్లలో కరెంటు దిశ మార్చే కమ్యుటేటర్లు అనే భాగాలు చేస్తూ ప్రపంచంలోనే పెద్ద తయారీదారుల్లో ఒకటయ్యింది. కింది ఊరు స్పొద్న్యా ఇద్రియలో హిద్రియా అనే కంపెనీ కార్ల విడిభాగాలు చేస్తుంది. గని వాళ్లకు శతాబ్దాలుగా సర్వేయర్లు, మెకానిక్కులు, కెమిస్టులు కావాల్సి వచ్చేది, చదువుకున్న చేతులు తరతరాలుగా ఊళ్లోనే ఉన్నాయి. గని పోయినా ఆ నైపుణ్యం మిగిలిందని నేననుకుంటాను. అందుకే ఇది గని మూతతో ఖాళీ అయిపోయిన ఊరు కాదు. సాయంత్రం ఫ్యాక్టరీ షిఫ్టు విడిచాక కాఫీ షాపుల్లో కూర్చోవడానికి చోటు దొరకదు.

చదువు విషయంలో వాళ్లకు గర్వం ఎక్కువ, దానికి కారణం ఉంది. 1901లో, ఆస్ట్రియా రాజ్యంలో, స్లొవేనియన్ భాషలో బోధించే తొలి హైస్కూలు ఇద్రియలోనే పెట్టారు. లుబ్లియానాలో కూడా అప్పటికి లేదు. ఇంత చిన్న ఊరు ఖర్చు భరించి నడిపింది. తర్వాత 1920లో ఇటలీ, యుగొస్లావియాల మధ్య కుదిరిన 'రపాల్లో' ఒప్పందంతో ఈ ప్రాంతం ఇటలీకి పోయింది. ఫాసిస్టు పాలనలో స్లొవేనియన్ బడులన్నీ మూయించారు, జనం ఇళ్లల్లోనే రహస్యంగా పిల్లలకు భాష నేర్పించారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కొండల్లో పార్టిజాన్లు అనే గెరిల్లా దళాల పోరాటం నడిచింది. ఇక్కడికి దగ్గర్లో చెర్క్నో వైపు ఒక ఇరుకు లోయలో 1943 డిసెంబరులో రహస్యంగా మొదలుపెట్టిన ఫ్రాన్యా ఆసుపత్రి ఉంది, శత్రువులకు యుద్ధం ముగిసే దాకా ఆచూకీ చిక్కలేదు. 2007 వరదలో చెక్క ఇళ్లు చాలా కొట్టుకుపోతే మళ్లీ కట్టారు. రెండో రోజు ఉంటే అటు వెళ్లండి, ఒక్క రోజులో ఇరికించకండి.

రాకపోకలకు లుబ్లియానా బస్టాండు నుంచి నేరుగా బస్సు ఉంది, లోగాత్స్, గొదోవిచ్ మీదుగా గంటన్నర లోపు పడుతుంది. వారం మధ్యలో వెళ్లండి. శని, ఆదివారాల్లో బస్సులు తగ్గిపోతాయి, సాయంత్రం చివరి బస్సు టైము పొద్దున దిగగానే చూసుకోండి. గని టూర్లకు నిర్ణీత టైములుంటాయి, ఇంగ్లిష్ టూరు ఎప్పుడో ముందు రోజే ఫోన్ చేసి అడిగి బుక్ చేసుకోండి, మిగతా రోజంతా దాన్ని బట్టి సర్దుకోవచ్చు. కామ్ష్ట్ లోపలికి వెళ్లి చూడాలనుంటే అదీ మ్యూజియం వాళ్లతో ముందే మాట్లాడుకోండి, ఎప్పుడూ తెరిచి ఉండదు. పాపకు పట్టు ఉన్న బూట్లు వేయండి, గనిలోనూ కాలువ గట్టు మీదా రెండు చోట్లా పనికొస్తాయి. మీ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, లేసు పండుగతో కలుస్తున్నాయో లేదో చూసి చెప్తాను.